దాలయ్యకు మిగిలిన మాటలు

పక్షవాతం వచ్చాక దాలయ్య నోట వచ్చిన మొదటి మాట "డాఫ్".

శ్రీకాకుళం ఆస్పత్రిలో మంచం మీద ఉన్నాడు అప్పుడు. మూతి ఒక పక్కకి వంకరపోయింది. కుడిచెయ్యీ కుడికాలూ కొయ్యబారిపోయాయి. అంతవరకూ మూతపడి ఉన్న కళ్ళు తెరిచి, పెళ్ళాం తాతమ్మ మొహంలోకి చూసి పెదాలు కదిపాడు. ఆవిడ గబగబా వంగి అతని నోటి దగ్గర చెవి పెట్టింది. తన పేరే అనబోతున్నాడని ఆవిడ ఆశ. పెళ్ళైన దగ్గర్నుంచీ వీధిలో అడుగు పెడుతూనే "ఒలే తాతీ!" అని కేకేసే మనిషి. పెరట్లో బట్టలు ఉతుక్కుంటున్నా, పక్కింట్లో కూర్చున్నా, ఆ కేక వినపడితే "ఓయ్, వస్తన్నాను" అని లేచి రావడం ఆవిడకి అలవాటు. ఆ కేక ఇక వినపడదేమోనని ఆస్పత్రిలో అడుగు పెట్టినప్పటి నుంచీ ఆవిడ ప్రాణం కొట్టుకుంటోంది.

"డాఫ్," అన్నాడు దాలయ్య.

"ఏటి మావా?"

"డాఫ్. డాఫ్."

డాక్టరు కుర్రవాడే గాని మంచివాడు, ఓపిగ్గా చెప్పాడు. "మెదడులో మాటలుండే చోట దెబ్బ తగిలిందమ్మా. మనం అన్నది ఆయనకి అర్థమవుతుంది. చెప్పాలనుకున్నదీ లోపల ఉంటుంది. అది బయటికి వచ్చే దారి చెడిపోయింది. బాగా అలవాటైన మాటలు ఏవో కొన్ని మిగులుతాయి. ఒక్కోసారి ఒకటి అనబోయి ఇంకొకటి అంటారు. కోప్పడకండి."

మిగిలిన ఆ కొన్ని మాటలూ ఏమిటో ఇంటికి తెచ్చుకున్నాక తెలిశాయి. డాఫ్, పీసింగ్, బ్యాచింగ్, మస్టరు, ఫిట్టరు, షిఫ్టు. అంతే. కూతురు యమున పేరు పోయింది. ఊరి అమ్మవారి పేరు పోయింది. నీళ్ళు పోయాయి, అన్నం పోయింది, అమ్మా అన్న మాట కూడా పోయింది. తెలుగులో సంతకం పెట్టడానికే ఆపసోపాలు పడే మనిషికి దేవుడు ఇంగ్లీషు మిగిల్చాడు. ఆయన లెక్కలు ఆయనవి, మనం అడిగితే చెబుతాడా!

తాతమ్మకి ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. "నాను వండినన్నం తిని, నాను ఉతికిన గుడ్డ కట్టి, ఆకరికి ఆ ముండ మిల్లు మాటలు దాసుకున్నాడే ఈ మనిసి! నా పేరు దాసుకోడానికి సోటు నేకపోయిందా?" అని కూతురి మీద అరిచింది. యమున రాజాంలో బట్టల షాపులో పనిచేస్తుంది, మొగుడిదీ అదే ఊరు. అది తల్లి వీపు నిమిరింది.

దాలయ్య పనిచేసిన ఆ గోగునార మిల్లు తాతమ్మకి సవతిలాంటిదే. దొరల రోజుల్లో కట్టారంటారు దాన్ని. మిషన్లు ఓడల మీద వచ్చాయి, వాటితోపాటు మాటలూ దిగాయి. ఇక్కడి రైతులకి గోగు పండించడం తెలుసు, నీళ్ళలో ఊరబెట్టి నార తియ్యడం తెలుసు. ఆ మిషన్లు చేసే పనులకి మాత్రం వాళ్ళ దగ్గర పేర్లు లేవు. దొర ఏదంటే అదే పేరైంది. నారకి నూనే నీళ్ళూ పట్టించి మెత్తబరచడం బ్యాచింగ్. తెగిన పోగుని వేళ్ళతో అతకడం పీసింగ్. దారం నిండిన కండెల్ని తీసేసి ఖాళీవి ఎక్కించడం డాఫ్. దొరలు పోయారు. వాళ్ళ దేశంలో ఇప్పుడు ఆ మాటలు ఎవరైనా అంటున్నారో లేదో కూడా మనకి తెలియదు. ఇక్కడ మాత్రం బడి మొహం చూడనివాళ్ళు మూడు తరాలుగా వాటిని నోట్లో పెట్టుకు మోశారు. పొలాల్లో కలుపు, కుప్ప, నూర్పు అనే నోళ్ళే మిల్లు గేటు దాటితే డాఫ్, పీసింగ్ అనేవి.

దాలయ్య తండ్రిది మెట్ట పొలం. ఆయన గోగు పండించాడు, కొడుకు దాన్ని దారం తీశాడు. ముందు బదిలీగా చేరాడు. అంటే పర్మనెంటు మనిషి రాని రోజు అతని బదులు లోపలికి వెళ్ళేవాడన్నమాట. రోజూ తెల్లవారే గేటు దగ్గర నిలబడాలి, ఎవరో ఒకరు రాకుండా ఉండాలని మొక్కుకోవాలి. ఆ తర్వాత దారం వడికే స్పిన్నింగులో కుదిరాడు. కుదిరిన ఏడే తాతమ్మని చేసుకున్నాడు. వరసకి మేనమామ కొడుకే, కొత్తవాడేం కాదు. అయినా పెళ్ళైన కొత్తలో ఆవిడకి అతనిలో ఒకటి నచ్చలేదు. ఇంటికొచ్చి నోరు విప్పేవాడు కాదు. బొటనవేలు నోటికి చూపిస్తే నీళ్ళివ్వమని. పిడికిలి బిగిస్తే అన్నం పెట్టమని. అరచెయ్యి అడ్డంగా ఊపితే ఇక చాలని.

అది పొగరు కాదు. స్పిన్నింగు షెడ్డులో మిషన్ల హోరుకి పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అందుకని అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. షిఫ్టు దిగాక కూడా ఆ అలవాటు చేతుల్ని ఒక పట్టాన వదలదు. ఇదంతా పదహారేళ్ళ తాతమ్మకి ఎవరు చెప్పారు? నడుం మీద చేతులు పెట్టుకుని నిలదీసింది.

"సూడు మావా, నాను మూగోడిని సేసుకోనేదు. ఇంటికాడ నోరిప్పి మాటాడు. ఆ సెయ్యాటలు గేటు కాడే ఒగ్గేసి రా."

దాలయ్య నవ్వాడు. "అలగే లేయే," అన్నాడు. అన్న మాట ప్రకారం మళ్ళీ ఇంట్లో సైగ చెయ్యలేదు. దానికి బదులు కేకలు మొదలుపెట్టాడు. మిషన్ల మోతకి చెవులు సగం పోయాయి కనక, తనకి వినపడేలా పిలిస్తే క్వార్టర్ల వరస అంతా దద్దరిల్లేది. "ఒలే తాతీ!" అంటే తాతమ్మతోపాటు నాలుగిళ్ళవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చేవారు. "వస్తన్నాను, ఊరు లేపీకు" అని విసుక్కుంటూనే ఆవిడ మురిసిపోయేది.

మధ్యాహ్నం క్యారేజీ ఆవిడే పట్టుకెళ్ళేది. ఆడవాళ్ళని గేటు దాటనిచ్చేవారు కాదు. కటకటాల అవతల నిలబడితే, కాసేపటికి ఒళ్ళంతా నార ధూళితో దాలయ్య బయటికి వచ్చేవాడు. తను వచ్చినట్టు అంత మోతలో అతనికి ఎలా తెలిసేదో ఆవిడ ఎన్నడూ ఆలోచించలేదు. వచ్చేవాడు, క్యారేజీ తీసుకునేవాడు, అంతే.

తర్వాత లాకౌటు వచ్చింది. ఆ మాట కూడా దొరలదే, దాన్ని ఎవరూ తెలుగులోకి మార్చుకోలేదు. గేటుకి కాగితం అంటించారు, తాళం వేశారు. ఇవాళ తెరుస్తారు, రేపు తెరుస్తారు అని దాలయ్య చాన్నాళ్ళు ఆ గేటు ముందే కూర్చున్నాడు. మగవాడు గేటు ముందు కూర్చుంటే పొయ్యి వెలగదు కదా. తాతమ్మ ఎండుచేపల గంప ఎత్తుకుంది. సముద్రం ఒడ్డు ఊళ్ళ నుంచి వ్యానులో వచ్చే సరుకు కొని, చుట్టుపక్కల సంతల్లో అమ్మేది. మెట్టసేద్యం ఇంటి ఆడపిల్ల చేపల గంప ఎత్తడమేమిటని పుట్టింటివాళ్ళు నొసలు చిట్లించారు. దాలయ్య మాత్రం ఏమీ అనలేదు. బస్సు దాకా గంప తనే మోసేవాడు. సాయంత్రం ఆవిడ దిగేసరికి మళ్ళీ బస్సు దగ్గరే ఉండేవాడు.

అలాంటి మనిషి మంచాన పడ్డాడు. తాతమ్మ కోపం తగ్గాక, నాగబాబుని పిలిపించింది. నాగబాబు దాలయ్య లైనులోనే పక్క మిషను మీద చేసినవాడు, అతనికన్నా చిన్నవాడు.

"మీ అన్న ఏటంతన్నాడో నాకు ఇప్పి సెప్పు మరిదీ. నాకేటీ తెలీడం నేదు."

నాగబాబు మంచం పక్కన కూర్చుని ఒక పూటంతా చూశాడు. దాలయ్య "డాఫ్" అన్నప్పుడల్లా తినేసిన కంచం వైపో, నిండిన మూత్రం సీసా వైపో చూస్తున్నాడు. "తీసీమంతన్నాడు వదినా, నిండిపోనాది తీసీమని," అన్నాడు నాగబాబు. షిఫ్టు అంటే ఒత్తిగిలించమని. పీసింగ్ అంటే లుంగీ ముడి ఊడిందనో, కిటికీ రెక్క ఊగుతోందనో, ఏదో ఒకటి కలిపి కట్టమని. బ్యాచింగ్ అంటే నూనె రాసి స్నానం చేయించమని. మిషన్లు బాగుచేసే ఫిట్టరు అంటే ఇక్కడ డాక్టరు, అది చెప్పక్కర్లేకుండానే తెలిసింది. మస్టరు అంటే హాజరు, పొద్దున్నే ఇంట్లో ఎవరెవరున్నారని. పెళ్ళాన్నీ, కూతురొస్తే కూతుర్నీ చూసి, "మస్టరు" అని కళ్ళు మూసుకునేవాడు.

తాతమ్మ వేగంగా పట్టేసింది. ఇష్టం లేని సవతి ఇంట్లోకి వచ్చి కూర్చుంటే, మొగుడి కోసం దానితో సర్దుకోవలసి వచ్చినట్టే అయింది ఆవిడ పని. "బ్యాచింగ్ అవనీ, షిఫ్టు తర్వాత సేస్తాను" అని మొగుడితో అంటుంటే యమున గుమ్మంలో నిలబడి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

"నువ్వు కూడా మిల్లులో సేరిపోనావేటే అమ్మా."

"సేరకపోతే ఎలగే? ఆ గేటు దాటి ఇవతలకి ఆయన రాలేకపోతన్నాడు. నానే ఎల్లాల."

అలా కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఇంట్లో దాదాపు అన్నిటికీ ఒక మాట కుదిరింది. కంచానికి ఉంది, మంచానికి ఉంది, కిటికీకి ఉంది. తాతమ్మకే ఏమీ లేదు. అది ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఏదైనా కావలసి వస్తే దాలయ్య ఆ పని పేరు అంటాడు, ఆవిడ వస్తుంది. ఊరికే ఆవిడని రమ్మనడానికి మాట లేదు. ఆవిడకి కావలసింది అదే. పని కోసం కాదు, తన కోసం తనని పిలవాలి. ఒక్కసారి పిలిస్తే చాలుననుకుంది. నాగబాబుని అడిగింది కూడా.

"మీ మిల్లులో ఆడమనిసిని ఏటంతారు మరిదీ?"

"మా లైన్లో ఆడోలు నేరు కదా వదినా. మాటేటుంతాది?" అని నవ్వేశాడు. ఆ వారమే అతను విశాఖపట్నంలో ఏదో అపార్టుమెంటుకి వాచ్‌మన్‌గా కుదిరి వెళ్ళిపోయాడు.

ఒకరోజు సంత నుంచి వస్తూనే, గంప గుమ్మం పక్కన దింపి, కాళ్ళైనా కడుక్కోకుండా తాతమ్మ మంచం దగ్గరికి వెళ్ళి కూర్చుంది. మనసులో ఏం పుట్టిందో, మొగుడి మొహాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"నానెవుల్ని మావా? సెప్పు. ఓ పాలి సెప్పు."

దాలయ్య పెదాలు వణికాయి. మాట బయటికి రాలేదు. తల దిండుకేసి కొట్టుకున్నాడు. తర్వాత పనిచేసే ఆ ఎడమచెయ్యి మెల్లగా పైకెత్తాడు. బొటనవేలూ చూపుడువేలూ చెరో పక్కా పెట్టి, తన ముక్కు పట్టుకున్నాడు.

తాతమ్మ చేతులు తీసేసింది.

"కంపు కొడతన్నానా?"

అతను తల అటూ ఇటూ గట్టిగా తిప్పాడు. ముక్కు వదల్లేదు. "బ్యాచింగ్," అన్నాడు. తను అనాలనుకున్నది అది కాదని మొహం చిట్లించి, మళ్ళీ అదే అన్నాడు. "బ్యాచింగ్! బ్యాచింగ్!"

ఒకటి అనబోయి ఇంకొకటి అంటారని డాక్టరు చెప్పిన సంగతి ఆ నిమిషంలో ఆవిడకి గుర్తు రాలేదు. బ్యాచింగ్ అంటే స్నానం. ఆవిడ అంత కష్టపడి నేర్చుకున్న మాట. లేచి పెరట్లోకి వెళ్ళి స్నానం చేసింది. సబ్బు అరిగిపోయేలా రుద్దుకుంది. చీర మార్చుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. దాలయ్య ఆవిడని చూస్తూనే మళ్ళీ ముక్కు పట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి అదే వరస. ఆవిడ గుమ్మంలో కనపడితే ముక్కు పట్టుకుంటాడు. వంటింట్లో గిన్నె చప్పుడైతే ముక్కు పట్టుకుంటాడు. పక్కింటి లక్ష్మణమ్మ వచ్చి కూర్చుంటే పట్టుకోడు. యమున వస్తే పట్టుకోడు. పెళ్ళాం ఒక్కర్తే అతనికి కంపు. తాతమ్మ గంపని ఇంటికి తేవడం మానేసి లక్ష్మణమ్మ అరుగు మీద పెట్టసాగింది. ఎన్నడూ కొనని గంధప్పొడి కొంది. సాంబ్రాణి వేసింది. మంచం మీద దుప్పట్లు రోజూ ఉతికింది. ఏం చేసినా ఆ చెయ్యి లేస్తూనే ఉంది, ఆ వేళ్ళు ముక్కు మీదికి వెళుతూనే ఉన్నాయి. ఒక్కోసారి ఆవిడ వెళ్ళిపోతుంటే ఇంకా గట్టిగా నొక్కుకుని, ఊ ఊ అని మూలిగేవాడు.

మనిషికి ఎంతని ఓపిక ఉంటుంది? మొగుడు తన పేరు మరిచిపోతే ఆవిడ భరించింది. తనని చీదరించుకుంటే భరించలేకపోయింది. పైగా ఏ వాసనకి? ఆ మిల్లు అతన్ని బయటికి గెంటేస్తే, ఈ వాసనే ఇంత అన్నం పెట్టింది. అతను ఆనాడు అనని మాట నోరు పోయాక అంటున్నాడన్నమాట. లోపల ఎన్నాళ్ళ నుంచి పెట్టుకున్నాడో అనుకుంది. ఆ ఆలోచన వచ్చాక ఆవిడకి తన చేతులంటే తనకే రోత పుట్టింది.

మంచం పక్కన వేసుకునే చాప తీసి వరండాలోకి మార్చుకుంది. మధ్యాహ్నం అన్నం పెట్టే పని లక్ష్మణమ్మకి ఒప్పజెప్పింది. లోపలికి వెళ్ళవలసి వస్తే కొంగు ఒళ్ళంతా చుట్టుకుని, మొహం తిప్పుకుని, పని చూసుకుని వచ్చేసేది. దాలయ్య కళ్ళు మాత్రం ఆవిడ ఎటు వెళితే అటు తిరిగేవి. ఆవిడ చూడకూడదనే చూసేది కాదు.

చివరికి ఒకరోజు దుప్పటి మారుస్తుంటే, దగ్గర దగ్గరగా ఆవిడ మొహం మీదే అతను ముక్కు పట్టుకున్నాడు. తాతమ్మ ఆ చెయ్యి పట్టుకుని లాగి మంచానికేసి నొక్కేసింది.

"సాలు! తెలిసినాది! నాను కంపేనే! ఈ కంపు మోసే నిన్ను సాకినాను, నీ కూతురికి పెల్లి సేసినాను. ఇంక నీ దగ్గరకి రాను, సరేనా? ముక్కు మూసుకోనక్కర్నేదు!"

దాలయ్య ఆవిడ వైపు చూశాడు. ఆవిడ చెయ్యి వదిలినా అతను తన చెయ్యి తియ్యలేదు, నొక్కిన చోటే ఉంచేశాడు.

ఆ తర్వాత అతను ముక్కు పట్టుకోలేదు. ముందు ఆవిడకి కాస్త నెమ్మదించింది కూడా. మెల్లమెల్లగా మాటలూ తగ్గాయి. పీసింగ్ పోయింది, మస్టరు పోయింది. తినేసిన కంచం ఎదురుగా ఉన్నా డాఫ్ అనడం మానేశాడు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. లక్ష్మణమ్మ వచ్చి, "ఏటే, మీ ఆయన బొత్తిగా దిగజారిపోనాడు, పలకడం నేదు," అంటే తాతమ్మ "ఎవులతో పలుకుతాడు, పలికితే నా కంపు పీల్చాల కదా," అంది.

ఎండలు ముదిరాక నాగబాబు సెలవు మీద వచ్చాడు. వస్తూనే దాలయ్యని పలకరించి, ఎంత పలకరించినా పలక్కపోతే మొహం వేలాడేసుకుని వరండాలోకి వచ్చి కూర్చున్నాడు. తాతమ్మ మజ్జిగ తెచ్చి గట్టు మీద పెట్టి, తను గుమ్మానికి ఆనుకుని దూరంగా కూర్చుంది.

"ఏటి వదినా, అంత దూరం కూకున్నావు?"

"నీకూ వాసనేస్తాదేమోనని."

"ఏటి వాసన?"

అంతవరకూ కూతురికి కూడా పూర్తిగా చెప్పుకోని మాట ఆవిడ అతనికి చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడుపు ఆపుకోలేక, "ఇదిగో, ఇలగ... నన్ను సూస్తే సాలు, ఇలగ," అని బొటనవేలూ చూపుడువేలూ ముక్కుకి చెరో పక్కా పెట్టుకుని చూపించింది.

నాగబాబు గ్లాసు కింద పెట్టేశాడు.

"వదినా, నువ్వు ముక్కుకి రెండు పక్కలా పోగులు ఎట్టుకునేదానివి కదా, పెద్దవి."

"లాకౌటుకి ముందు. అవెప్పుడో పోనాయి. ఇప్పుడవెందుకు?"

"లైన్లో ఒక్కోలికి ఒక్కో గురుతు వదినా. మేనేజరంటే బొజ్జ నిమిరీవోలం. ఫిట్టరంటే కాలు ఈడ్సీవోలం. పేర్లెట్టి పిలిస్తే ఆ మోతలో ఎవులికి ఇనిపిస్తాది? నువ్వు కేరేజీ అట్టుకుని గేటు కాడికి వస్తే, గేటు పక్క మిసను మీదున్నోడు ఇటు తిరిగి ముక్కు ఇలగ పట్టుకునీవోడు. వాడిని సూసి ఇంకోడు. అలగ లైనంతా వచ్చి అన్న కాడికి అందీది. రెండు ముక్కుపోగులు. అంటే నువ్వే. అన్నే ఎట్టినాడు ఆ గురుతు, నిన్ను పెల్లాడిన కొత్తలోనే. మా అందరికీ నీ పేరు అదే వదినా."

తాతమ్మ అతని మొహంలోకే చూస్తోంది.

"తాతీ అనడానికి నోరు రాక, నిన్ను అలగ పిలిసినాడు," అన్నాడు నాగబాబు. అని, తనే మొహం తిప్పేసుకున్నాడు.

ఆవిడ గుండె బాదుకోలేదు, గొల్లుమనలేదు. గుమ్మం పట్టుకుని లేచింది. లేచి, ఒకే ఒక్కటి అడిగింది.

"పిలిస్తే, ఇనపడినాది, వస్తన్నాను అనడానికి మీరేటి సేసీవోలు?"

"ఏటుంది వదినా. సెయ్యెత్తి ఓ పాలి ఊపీవోలం."

దాలయ్య గోడ వైపు తిరిగి ఉన్నాడు. గోడకీ మంచానికీ మధ్య మనిషి పట్టే చోటు లేదు. తాతమ్మ మంచాన్ని జరపలేదు, పక్కకి తిరిగి ఆ సందులోనే ఇరుక్కుని అతని కళ్ళెదురుగా నిలబడింది. చెయ్యి పైకెత్తి ఊపింది.

అతను చూశాడు. ఆవిడ మళ్ళీ ఊపింది. "ఇనపడినాది మావా. వచ్చినాను. ఇదిగో, వచ్చినాను." ఎన్నిసార్లు పిలిచాడో అన్నిసార్లూ పలకాలని కాబోలు, చెయ్యి లాగేస్తున్నా దించకుండా ఊపుతూనే ఉంది. దాలయ్య ఎడమచెయ్యి దుప్పటి మీదే ఉంది. ఆ వేళ్ళు ఒకసారి కదిలినట్టు వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డ నాగబాబుకి అనిపించిందట, తాతమ్మకి అనిపించలేదు. కాసేపటికి అతను కళ్ళు మూసుకున్నాడు.

ఆ రోజే ఆవిడ చాప మళ్ళీ మంచం పక్కకి తెచ్చుకుంది. సంతలు మానేసింది. యమున పంపించేదీ, లక్ష్మణమ్మ పెట్టేదీ తిని, రోజంతా అతని ముందే కూర్చుంది. తనే అన్నం పెట్టింది, తనే ఒత్తిగిలించింది. డాఫ్ అంది, షిఫ్టు అంది, మస్టరు అని పొద్దున్నే తనే పలికింది. తన ముక్కు తనే పట్టుకుని, "నన్నే కదా? నన్నే కదా మావా?" అని అడిగింది. అతను చూసేవాడు. చెయ్యి మాత్రం లేవలేదు. కొన్నాళ్ళకి రెండోసారి వచ్చిన పక్షవాతం ఆ చేతినీ తీసుకుపోయింది. తొలకరి పడ్డాక ఒక మధ్యాహ్నం, ఆవిడ వక్కలు కత్తిరించుకుంటూ పక్కనే ఉండగా, దాలయ్య ఊపిరి ఆగిపోయింది.

మిల్లువాళ్ళు చాలామందే వచ్చారు. ఆ చివర్లో మళ్ళీ నిన్ను పిలిచాడా అని ఎవరో ఆడవాళ్ళు అడిగితే, తాతమ్మ తలెత్తకుండానే జవాబు చెప్పింది.

"ఎదురుగానే కూకున్నాను కదా. ఎదురుగా ఉన్న మనిసిని ఎవులు పిలుస్తారు?"

దినాలయ్యే దాకా అందరికీ ఆ మాటే చెప్పింది. విన్నవాళ్ళు నిజమేనని తలూపారు. అందరూ వెళ్ళిపోయాక, యమున ఖాళీ మంచం బయటికి తియ్యబోతుంటే దాని కోడు పట్టుకుని తియ్యనివ్వలేదు.

"యమునా, దూరంగా ఉన్నన్నాళ్ళూ పిలిసినాడే," అంది. "వరండాలో కూకున్నాను. అది పిలుపు కాదనుకున్నాను."

యమున తల్లి పక్కన కింద కూర్చుంది. మంచం ఆ రోజుకి అక్కడే ఉండిపోయింది.